200 మి.మీ. ఫ్రేమ్ దొరికింది, మిగతా బండి ఏ వరుసలో కొనాలి?

మదనపల్లె మలుపు

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె. ఉద్యోగం బెంగళూరులో, ఉండేది బనశంకరి ఆరో స్టేజీలో. ఇంటికి దగ్గరలోనే తురహళ్లి అడవి కాబట్టి 130 మి.మీ. ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం) ఉన్న ట్రెయిల్ బండితో అక్కడి బండల మీద తిరగడం అలవాటైంది. ఇప్పుడు మనసంతా డౌన్‌హిల్ మీదే, అంటే కొండ పైనుంచి కిందికి వేగంగా దిగే పోటీ మీదే ఉంది. జాతీయ మౌంటెన్ బైక్ పోటీల్లో డౌన్‌హిల్ విభాగంలో ఒక్కసారైనా బరిలోకి దిగాలని నా కోరిక.

విదేశం వెళ్లిపోతున్న ఒకాయన దగ్గర డౌన్‌హిల్ ఫ్రేమ్ కొన్నాను. ఒట్టి ఫ్రేమ్ మాత్రమే, వెనక కుదుపు కాసే షాక్ కూడా లేదు. అల్యూమినియం, వెనక ట్రావెల్ 200 మి.మీ., షాక్ కొలత 250×75 (పొడవు 250, స్ట్రోకు, అంటే నొక్కితే లోపలికి దిగేది, 75). బాటమ్ బ్రాకెట్ (క్రాంకు ఇరుసు తిరిగే చోటు) మరలు ఉన్న రకం, వెడల్పు 83 మి.మీ. వెనక ఇరుసు 12 మి.మీ., హబ్బు వెడల్పు 150 అని అమ్మినాయన చెప్పారు. వెనక 29 అంగుళాల చక్రానికి చేసిన ఫ్రేమ్. హెడ్ ట్యూబులో (హ్యాండిల్ కింద ఫోర్కు తిరిగే గొట్టం) పాత బేరింగు కప్పులు తీసేసి ఉన్నాయి.

నా బరువు 72 కిలోలు. హెల్మెట్, కవచాలు, బూట్లు కలిపితే ఇంకో అయిదు కిలోలు. చేతిలో ఉన్నది రెండున్నర లక్షలు. నేను రాసుకున్న జాబితా ఇది: కార్బన్ రిమ్ములు, 12 గేర్ల సెట్టు, వాడిన బాక్సర్ ఫోర్కు (29 అంగుళాలది, 35 మి.మీ. గొట్టాలు), కాయిల్ షాక్, మిగిలిన డబ్బుతో బ్రేకులు, టైర్లు. ఇందులో ఏది ముందు కొనాలి? స్ప్రింగు సంగతి కూడా చెప్పండి. ఒక లెక్కింపు పేజీ 325 పౌండ్/అంగుళం అంటుంది, ఇంకొకటి 400 అంటుంది. ఒకే మనిషికి, ఒకే ఫ్రేముకి ఇంత తేడా ఎందుకు వస్తోంది?

ఎర్రమట్టి

ఉత్సాహం మీద నీళ్లు చల్లాలని కాదు గానీ, బెంగళూరులో డౌన్‌హిల్ బండి ఎక్కడ తొక్కుతారు? ఇక్కడ లిఫ్టు లేదు, కేబుల్ కారు లేదు. తురహళ్లిలో దిగుడు మొదలయ్యేలోపే అయిపోతుంది. యలహంక దాటాక ఉన్న అవలహళ్లి అడవి బాటలు మంచివే, అక్కడ కూడా తొక్కుకుంటూ తిరగాలి. 16, 17 కిలోల బండిని పొట్టి గేర్లు లేకుండా ఎక్కించలేరు, తోసుకుంటూ పోవాల్సిందే. నందికొండ 1,478 మీటర్ల ఎత్తు ఉన్నా అందరూ ఎక్కేది తారు రోడ్డు. 170 మి.మీ. ఎండ్యూరో బండి తీసుకుంటే ఎక్కనూ వచ్చు, దిగనూ వచ్చు. ఆ ఫ్రేమ్ అమ్మేయండి. ఇది నా గట్టి అభిప్రాయం.

వెర్నియర్

ఎర్రమట్టి గారు చెప్పినవన్నీ నిజాలే. అయినా ఫ్రేమ్ అమ్మమని నేను చెప్పను. వారానికి నాలుగు రోజులు తొక్కడానికి ఒకటే బండి అయితే ఎండ్యూరోనే సరైనది. మదనపల్లె తమ్ముడి దగ్గర 130 బండి ఉండనే ఉంది, ఆయన అడిగేది పోటీ కోసం రెండో బండి. 2023 అక్టోబరులో ఆసియా మౌంటెన్ బైక్ చాంపియన్‌షిప్ కేరళలోని పొన్ముడిలో జరిగింది. పోటీ స్థాయి వాలు దక్షిణాదిలోనే, బండిని కారు వెనక కట్టుకుని వెళ్లగలిగినంత దూరంలోనే ఉంది. ఆ కోరికను చిన్నది చేయడం నాకు ఇష్టం లేదు.

నేను పీన్యాలో యంత్రభాగాలు చేసే కర్మాగారంలో తనిఖీ విభాగంలో ఉన్నాను. అందుకే మీ జాబితా చదవగానే నా కన్ను ధరల మీద కాకుండా 'అమ్మినాయన చెప్పారు' అన్న మాట మీద పడింది. కొలత ఎవరి నోటి నుంచీ తీసుకోకండి. వెర్నియర్ పెట్టి మీరే చూడాలి, చూసినదాన్ని కాగితం మీద రాయాలి, ఆ కాగితం పక్కన పెట్టుకునే ఏ భాగమైనా కొనాలి. బయటి నుంచి తెప్పించిన భాగానికి సుంకం దాని ధర మీదే కాదు, రవాణా, బీమా ఖర్చు కలిపిన మొత్తం మీద పడుతుంది. అతకని భాగాన్ని తిప్పి పంపితే ఆ డబ్బు మళ్లీ చేతికి రావడం కష్టం.

ముందు ఆ 150 సంగతి చూద్దాం. వెనక డ్రాపౌట్ల (ఇరుసు పట్టే ఫ్రేమ్ కొసలు) లోపలి ముఖాల మధ్య కొలిస్తే 150 వచ్చినంత మాత్రాన అది 150 ఫ్రేమ్ అనుకోకూడదు. 157 ఫ్రేముల్లో ఒక్కో వైపు 3.5 మి.మీ. లోతున చిన్న గాడి ఉంటుంది. చక్రం పెట్టేటప్పుడు హబ్బు అంచులు ఆ గాడుల్లో కూర్చుంటాయి. గాడిని వదిలేసి కొలిస్తే 150, గాడి అడుగు నుంచి అడుగుకు కొలిస్తే 157. చాలామంది హబ్బులకు ఆ రెండు కొసల టోపీలే తేడా. కాబట్టి టార్చిలైటు వేసి డ్రాపౌట్ లోపల అర్ధచంద్రాకారపు గాడి ఉందో లేదో చూడండి. ఇక కొత్త హబ్బుల్లో సూపర్ బూస్ట్ అని అమ్మేవి కూడా 157 వెడల్పే. వాటిలో ఊచలు పట్టే అంచులు ఇంకాస్త దూరంగా ఉంటాయి, ఫ్రేములో కూర్చోవడంలో తేడా ఉండదు.

వాడిన ఫ్రేమ్ కాబట్టి ఇంకో పని కూడా తప్పదు. మొత్తం కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, ఎండలో పెట్టి వెల్డింగులు చూడండి. హెడ్ ట్యూబు కింద డౌన్ ట్యూబు కలిసే చోటు, షాక్ పట్టే చెవులు, చైన్‌స్టే (గొలుసు పక్కన వెనక్కి వెళ్లే గొట్టం) వంపు, ఈ మూడు చోట్ల రంగు మీద వెంట్రుకంత గీత కనిపించినా గోరు పెట్టి లాగి చూడండి. గోరు ఆగితే అది పగులు అనుకునే చూడాలి. అనుమానం ఉంటే పీన్యాలో డై పెనెట్రెంట్ పరీక్ష చేసేవాళ్లు ఉన్నారు. రంగు ద్రవం పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లితే పగులు ఎర్ర గీతగా బయటపడుతుంది. పరీక్ష చేసే చోట మాత్రం పెయింటు గీకాలి, దానికి బాధపడకండి.

హెడ్‌సెట్ విషయంలో మీరు ఇరుక్కునే అవకాశం ఎక్కువ. బాక్సర్ లాంటి రెండు క్రౌన్ల (గొట్టాలను పట్టే అడ్డపట్టీలు) ఫోర్కుల్లో హెడ్ ట్యూబులోకి వెళ్లే స్టీరర్ గొట్టం కింది నుంచి పైదాకా ఒకే మందం, 28.6 మి.మీ. మీ హెడ్ ట్యూబు కింది రంధ్రం బహుశా 56 మి.మీ., అంటే ఒకటిన్నర అంగుళాల బేరింగు కోసం చేసినది. ఆ బేరింగు లోపల మీ ఫోర్కు క్రౌన్ సరిగ్గా కూర్చోవాలంటే 30 మి.మీ. రంధ్రం ఉన్న తగ్గింపు రింగు, అంటే రెడ్యూసర్ క్రౌన్ రేస్, విడిగా కొనాలి. చాలా హెడ్‌సెట్ డబ్బాల్లో అది ఉండదు. ఎంతో చిన్న ముక్క, అది లేక బండి నెల రోజులు స్టాండు మీద ఉండిపోతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. మీ జాబితాను నేను తలకిందులు చేస్తాను: బ్రేకులు, టైర్లు, ఫోర్కు, షాక్ ముందు, చక్రాలు తరువాత, గేర్లు చివర.

గేర్లు ఎందుకు చివర అంటే, 2015లో ఆస్ట్రియాలోని లియోగాంగ్ ప్రపంచకప్‌లో ఆరన్ గ్విన్ గొలుసు ప్రారంభ ద్వారం దగ్గరే తెగిపోయింది. ఒక్క పెడలు తొక్కు లేకుండా కిందికి దిగి ఆ పోటీ గెలిచారు. ప్రతి ట్రాకూ అలా ఉండదు, తొక్కాల్సిన చోట్లు ఉంటాయి. అయినా కొండ దిగే బండికి 51 పళ్ల పెద్ద చక్రం అవసరం లేదు. ఏడు గేర్ల డౌన్‌హిల్ సెట్టు గానీ, పది గేర్ల షిమానో సెయింట్ గానీ చాలు. పొట్టి డెరైలర్ (గేరు మార్చే చేయి) అయితే రాయికి తగిలి విరిగే అవకాశమూ తక్కువ. క్రాంకు చేతులు 165 మి.మీ. తీసుకోండి, 170 అయితే రాళ్లకు తగులుతాయి. ముందు పళ్ల చక్రం 34 లేదా 36. ఫ్రేముకి ఐ.ఎస్.సి.జి. 05 మూడు బోల్టుల చెవులు ఉంటే కింద రాతి దెబ్బ కాసే పలకతో సహా చైన్ గైడ్ పెట్టండి. 83 మి.మీ. బాటమ్ బ్రాకెట్ కప్పులు బిగించేటప్పుడు కుడివైపు మర ఎదురు దిక్కు అని గుర్తుంచుకోండి. ఎడమ పెడలు కూడా అంతే.

కార్బన్ రిమ్ములు వద్దు. అల్యూమినియం రిమ్ము అంచు రాయికి తగిలి వంగితే అక్కడే శ్రావణంతో సరిచేసి మధ్యాహ్నం మళ్లీ దిగవచ్చు. కార్బన్ పగిలితే ఆ రోజు పోటీ అయిపోయినట్టే. 32 ఊచల రిమ్ము, లోపలి వెడల్పు 30 మి.మీ., మామూలు జె-వంపు ఊచలు. ఆ ఊచలు బెంగళూరులో కోసి, మర వేసి ఇస్తారు. చక్రం కట్టించేటప్పుడు మాత్రం చేతి అంచనాతో సరిపెట్టే చోటికి వెళ్లకండి, టెన్షన్ మీటర్ పెట్టి చూపించమనండి.

టైర్ల దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన నేల వేరు. తురహళ్లి, రామనగర, సావనదుర్గ, ఇటు హార్స్‌లీ కొండల దాకా ఉన్నదంతా గ్రానైటు, నైసు బండలు. ఆ బండ ఎండకూ వానకూ పొరలు పొరలుగా రాలి, బియ్యపు నూకంత ముతక ఇసుక అవుతుంది. గట్టి పలక మీద ఆ ఇసుక బేరింగు గోళీల్లా పరుచుకుంటుంది. పలక మీద పట్టు కావాలంటే మెత్తటి రబ్బరు, ఇసుక కిందికి దిగి పట్టుకోవాలంటే పక్కన నిలబడే గట్టి గుబ్బలు, రెండూ ఒకే టైరులో ఉండాలి. నా ఎంపిక ముందు మాక్సిస్ అసెగాయ్, మాక్స్‌గ్రిప్ రబ్బరుతో. వెనక మినియన్ డి.హెచ్.ఆర్. 2. రెండూ డౌన్‌హిల్ కేసింగువే, అంటే రెండు పొరల గుడ్డ. ఒక్కోటీ సుమారు 1,300 గ్రాములు ఉంటుంది. ఆ బరువు చూసి తేలికది కొనాలనిపిస్తుంది. కొనకండి. మన రాయికి పలచని పక్కగోడ ఒక్క దిగుడులో చీలుతుంది. ట్యూబు లేకుండా సీలెంట్‌తో వేసుకోండి. మన వేడికి అది త్వరగా ఎండిపోతుంది కాబట్టి రెండు మూడు నెలలకోసారి విప్పి చూడాలి. మీ బరువుకు ముందు 23, వెనక 26 పి.ఎస్.ఐ. దగ్గర మొదలుపెట్టండి.

అదే బండి వానాకాలంలో వయనాడు ఎర్రమట్టిలోకి తీసుకెళ్తే అసెగాయ్ గుబ్బల మధ్య మట్టి నిండిపోయి పనికిరాదు. పొడవాటి, దూరందూరంగా ఉన్న గుబ్బల షార్టీ లాంటిది ఒకటి మడిచి సంచిలో పెట్టుకోండి.

బ్రేకులు నాలుగు పిస్టన్లవి, ఏ కంపెనీవైనా మీకు ప్యాడ్లు తేలికగా దొరికేవి. ముందు 220, వెనక 200 లేదా 203 డిస్కు. ఆ 200కూ 203కూ తేడాను చులకనగా చూడకండి. కొత్త ఫోర్కుల్లో కొన్ని నేరుగా 200కు చేసినవి. 203 డిస్కు పెట్టాలంటే కాలిపర్ కింద 1.5 మి.మీ. వాషర్లు రావాలి. అవి లేకుండా బిగిస్తే డిస్కు కొస ప్యాడ్ అంచు దాటి బయట మిగులుతుంది, కాలిపర్ లోపల రాసుకోవచ్చు కూడా.

స్ప్రింగు ప్రశ్నకు రాత్రి తీరిగ్గా కూర్చుని లెక్క వేసి రాస్తాను. అంతలోపు ఆ గాడి సంగతి చూసి చెప్పండి. షాక్ పట్టే చోట బోల్టు మందం, మధ్య ఖాళీ వెడల్పు కూడా కొలవండి.

అంబత్తూరు

వెర్నియర్ గారు బ్రేకుల నూనె సంగతి చెప్పలేదు. నేను చెన్నైలో ఉంటాను, ఈ ఉప్పు గాలిలో నేర్చుకున్నది చెబుతాను. డాట్ నూనె గాలిలో తేమ పీల్చుకుంటుంది, దాంతో మరిగే ఉష్ణోగ్రత తగ్గిపోతుంది. పొడవాటి దిగుడులో లివరు మెత్తబడి హ్యాండిల్ దాకా వస్తే కారణం అదే. డాట్ బ్రేకులు తీసుకుంటే ఏటా నూనె మార్చండి. డాట్ 5.1 దొరకని ఊళ్లో కారు విడిభాగాల కొట్టులో డాట్ 4 తీసుకుని పోయవచ్చు, రెండూ కలుస్తాయి. డాట్ 5 మాత్రం పోయకండి, అది సిలికాన్. షిమానో లాంటి మినరల్ ఆయిల్ బ్రేకుల్లో డాట్ ఒక్క చుక్క పడినా సీళ్లు ఉబ్బిపోతాయి.

వాడిన ఫోర్కు కొనే ముందు పైగొట్టాలను వేలితో పైనుంచి కిందిదాకా తడిమి చూడండి. గీత తగిలితే వదిలేయండి. ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపండి. రెండు గొట్టాలు కలిసేచోట టకటకమంటే బుషింగులు అరిగాయి. సర్వీసు ఎప్పుడు చేయించారో చెప్పలేకపోతే, చేయించలేదనే లెక్క వేసుకుని ధర అడగండి. కింది గొట్టాల నూనె 50 గంటల తొక్కుడుకోసారి మార్చమని తయారీదారే చెబుతున్నారు.

మదనపల్లె మలుపు

వెర్నియర్ గారూ, అంబత్తూరు గారూ, చాలా కృతజ్ఞతలు. ఎర్రమట్టి గారూ, మీ మాట కూడా మనసులో పెట్టుకున్నాను. 130 బండిని అమ్మను, రోజూ తొక్కేది అదే.

కొలిచాను. గాడి ఉంది! రెండు వైపులా 3.5 చొప్పున. గాడి అడుగు నుంచి 157. కింది హెడ్ ట్యూబు రంధ్రం 56 కంటే వెంట్రుక తక్కువ, పైది 44. షాక్ బోల్టులు రెండూ 8 మి.మీ. వెల్డింగుల దగ్గర గీతలేవీ గోరుకు తగలలేదు. కార్బన్ రిమ్ములూ 12 గేర్లూ జాబితాలోంచి కొట్టేశాను.

ఇంకో అనుమానం. వెనక 27.5 చక్రం వేస్తే మలుపుల్లో బాగా తిరుగుతుందని చాలామంది అంటున్నారు. నా ఫ్రేమ్ 29కి చేసినది. వేయవచ్చా?

సరోజ

చక్రాల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే నేను ముందు 29, వెనక 27.5 మీదే తొక్కుతాను. 2019లో ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య యు.సి.ఐ. రెండు వేర్వేరు కొలతల చక్రాలకు అనుమతి ఇచ్చాక ఈ పద్ధతి డౌన్‌హిల్‌లో మామూలైపోయింది. నా ఎత్తుకు అది చాలా పెద్ద మార్పు. నిటారు దిగుడులో శరీరాన్ని వెనక్కు వేసినప్పుడు 29 టైరు వెనక నుంచి తగిలేది, ఇప్పుడు తగలదు.

మీ ఫ్రేములో మాత్రం వేయకండి. 27.5 రిమ్ము వ్యాసం 584, 29ది 622. వ్యాసార్ధంలో 19 మి.మీ. తేడా. వెనక ఇరుసు అంత కిందికి దిగితే హెడ్ కోణం దాదాపు ఒక డిగ్రీ వాలుతుంది, క్రాంకు నేలకు 12 మి.మీ. దాకా దగ్గరవుతుంది. వెర్నియర్ గారు చెప్పిన 165 క్రాంకుతో మీరు సంపాదించుకున్న ఖాళీ అంతా దీనితో పోతుంది, ఇంకా లోటే మిగులుతుంది. కోణం సరిచేసే చిప్పు గానీ, వేరే లింకు గానీ ఆ ఫ్రేముకి ఉంటే అప్పుడు ఆలోచించండి.

మీ రెండున్నర లక్షల్లో ఒంటి మీద వేసుకునేవి కలిపారా? నాకు ఆ జాబితాలో కనిపించలేదు. చుట్టూ గడ్డం దాకా కప్పే హెల్మెట్ పోటీలో తప్పనిసరి. లోపలి చీటీ మీద ఎ.ఎస్.టి.ఎమ్. ఎఫ్ 1952 అని ఉందో లేదో చూడండి, అది డౌన్‌హిల్ ప్రమాణం. మోకాళ్లు, వీపు, మోచేతులు. ఒకసారి గట్టిగా పడిన హెల్మెట్ బయటికి బాగున్నా పారేయాలి, అందుకే వాడినది కొనకండి. నా మాట వింటే ఏడు గేర్ల బదులు ఒక్క గేరుతో మొదలుపెట్టి అయినా సరే, మంచి హెల్మెట్ కొనండి.

ఇంకొక సంగతి. తురహళ్లి అడవిశాఖ భూమి. 2021లో అక్కడ ట్రీ పార్కు కడతారన్నప్పుడు చుట్టుపక్కలవాళ్లతో పాటు సైకిల్ తొక్కేవాళ్లు కూడా నిలబడి వద్దన్నారు. ఆ నేలను ప్రేమించేవాళ్లుగా మనకు ఒక పేరుంది. పెద్ద బండి వచ్చింది కదా అని కొత్త బాటలు తవ్వడం, గెంతులకు మట్టి దిబ్బలు పోయడం దయచేసి చేయకండి. నడిచేవాళ్లు కనబడితే ఆగండి.

ఎర్రమట్టి

130 బండి ఉంచుకుంటున్నారని తెలియక అమ్మేయమన్నాను. అలా అయితే సరే, కట్టండి. సరోజ గారి చివరి పేరాకు నా రెండు చేతులూ జోడిస్తున్నాను.

వెర్నియర్

స్ప్రింగు లెక్క ఇదిగో. ఇంతవరకు రాసినవాటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే, కాబట్టి అడుగడుగూ రాస్తాను.

మీరు, మీ సామాను కలిపి 77 కిలోలు. డౌన్‌హిల్ భంగిమలో నిలబడితే సుమారు 65 శాతం వెనక చక్రం మీద పడుతుంది, అంటే 50 కిలోలు. చక్రం 200 కదిలితే షాక్ 75 కదులుతుంది కాబట్టి సగటు లీవరేజి 2.67. శాగ్, అంటే మనిషి నిలబడగానే సస్పెన్షన్ దిగే భాగం, 30 శాతం అనుకుంటే చక్రం 60 మి.మీ. దిగుతుంది, షాక్ 22.5 దిగుతుంది. షాక్ మీద పడే బరువు 50 సార్లు 2.67, అంటే 133 కిలోలు. 133ని 22.5తో భాగిస్తే మిల్లీమీటరుకు 5.9 కిలోలు. స్ప్రింగుల మీద రాసే పౌండ్/అంగుళం లెక్కలోకి మారిస్తే 330. మీకు 325 చెప్పిన పేజీ ఇలా సగటుతోనే లెక్క వేసింది.

నిజానికి ఫ్రేము లీవరేజి దిగుతున్నకొద్దీ మారుతుంది. మొదట 3.0 దగ్గర ఉండి, చివరికి 2.3 దగ్గరికి తగ్గే ఫ్రేములు డౌన్‌హిల్‌లో మామూలే. అలాంటి ఫ్రేములో మొదటి 60 మి.మీ. దిగడానికి షాక్ 20.6 మాత్రమే కదులుతుంది, అప్పటి లీవరేజి 2.8. అదే 30 శాతం శాగ్‌కు స్ప్రింగు 380 కావాలి. 400 చెప్పిన పేజీకి అదీ కారణం. రెండు పేజీలూ అబద్ధం చెప్పలేదు, ఫ్రేమును వేర్వేరుగా ఊహించాయి.

ఇప్పుడు మధ్యలో 350 పెట్టి చూడండి. లీవరేజి మారని ఫ్రేము అయితే శాగ్ 28, 29 శాతం వస్తుంది. మారే ఫ్రేము అయితే 32 దగ్గర వస్తుంది. డౌన్‌హిల్‌కు 28 నుంచి 35 దాకా తొక్కదగినదే. కాబట్టి 350 కొనండి, మీ ఫ్రేము ఏ రకమైనా మొదటి రోజు తొక్కగలుగుతారు. 75 స్ట్రోకుకు సరిపడే పొడవున్న స్ప్రింగే అడగండి. పొట్టి స్ట్రోకుకు చేసినది పెడితే చుట్లు ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి. బిగింపు రింగు ఒకటి రెండు చుట్లు చాలు. స్ప్రింగు మెత్తగా ఉందని నాలుగైదు చుట్లు తిప్పేవాళ్లను చూశాను, దానివల్ల మొదటి కదలిక మొండిగా అవుతుంది తప్ప స్ప్రింగు గట్టిపడదు.

కొలిచే పద్ధతి: సామాను మొత్తం వేసుకుని పెడళ్ల మీద నిలబడండి, ఒకరు బండి పట్టుకోవాలి, ఇంకొకరు షాక్ రెండు బోల్టుల మధ్య దూరం కొలవాలి. 250లోంచి తీసేస్తే షాక్ ఎంత దిగిందో వస్తుంది. అది 21 నుంచి 23 మధ్య ఉంటే ఇక స్ప్రింగు గురించి ఆలోచించకండి.

ఫోర్కు బిగించాక ఒక పరీక్ష తప్పనిసరి. గాలి మొత్తం వదిలేసి, చక్రం పెట్టి, ఫోర్కును అడుగుదాకా నొక్కండి. 29 టైరు పైభాగం కింది క్రౌనుకు తగలకూడదు, వేలు పట్టేంత సందు ఉండాలి. తర్వాత హ్యాండిల్ రెండు వైపులకూ పూర్తిగా తిప్పి, పైగొట్టాలు ఫ్రేముకు తగలకుండా రబ్బరు బంపర్లు సరైన ఎత్తులో ఉన్నాయో చూడండి. క్రౌన్ల మధ్య గొట్టాలను 10 మి.మీ. పైకి జరిపితే హెడ్ కోణం సుమారు అర డిగ్రీ నిటారు అవుతుంది. ఇప్పుడే జరపకండి, తయారీదారు గీసిన గీత దగ్గరే ఉంచండి. క్రౌన్ బోల్టుల బిగువు వాటి పక్కనే రాసి ఉంటుంది. టార్క్ రెంచి లేకుండా ఆ బోల్టులు ముట్టుకోకండి. ఎస్.పి. రోడ్డులో దొరుకుతుంది. చిన్న కొలతలది, 2 నుంచి 20 న్యూటన్ మీటర్ల మధ్యది అడగండి, కార్ల చక్రాల బోల్టులకు వాడే పెద్దది కాదు.

పీన్యాలో లేత్ మీద షాక్ పక్కన పెట్టే స్పేసర్లు, వాషర్లు ఏ కొలతకైనా తిప్పించవచ్చు. ఇరుసు, క్రౌన్ బోల్టులు, స్టెమ్ బోల్టులు మాత్రం ఎవరు ఎంత బాగా చేస్తామన్నా చేయించవద్దు. వాటికి ఏ లోహం, ఎంత వేడి చూపించారన్నది బయటి నుంచి కొలవలేం.

కొత్త ప్యాడ్లను మీ వీధిలోనే అలవాటు చేయండి. ఓ మోస్తరు వేగం అందుకుని, చక్రం బిగుసుకుపోకుండా నడక వేగానికి తగ్గించడం ఇరవై సార్లు, ఇంకాస్త వేగంతో పది సార్లు, ముందూ వెనకా విడివిడిగా. ఆ తర్వాత తురహళ్లిలో మొదటి దిగుడు అయ్యాక క్రౌన్లు, స్టెమ్, క్రాంకు, లింకు బోల్టులు మళ్లీ రెంచితో చూడండి. కొత్తగా కూర్చిన బండిలో అవి ఒకసారి సర్దుకుంటాయి.

హెడ్‌సెట్ కప్పులను సుత్తి, చెక్కముక్కతో కొట్టి దించకండి. కొంచెం వంకరగా దిగినా హెడ్ ట్యూబు అంచు సాగుతుంది. నా దగ్గర ప్రెస్ ఉంది. కప్పులు, ఆ 30 మి.మీ. రేస్ చేతికి వచ్చాక ఇక్కడే రాయండి, ఏదో ఒక ఆదివారం ఉదయం జాలహళ్లి వైపు ఫ్రేమూ ఫోర్కూ తీసుకుని రండి. స్టీరర్ కోయడం కూడా అప్పుడే చేద్దాం, అంతవరకు పొడవుగానే ఉంచండి.